వేరు కుంపటి

సోలోగారిని గుర్తుపట్టడానికి పాట వినక్కర్లేదు. అట్ట చూస్తే చాలు.

నిన్నమొన్నటిదాకా ఆ అట్ట మీద నలుగురుండేవారు. ఒకడు గోడకి ఆనుకుని, ఒకడు నేలచూపులు చూస్తూ, ఒకడు నల్లకళ్లద్దాల వెనక దాక్కుని, నలుగురికీ అసలు పరిచయమే లేనట్టు నిలబడేవారు. రాక్ బ్యాండు ఫొటోకి అదే లాంఛనం. ఇప్పుడు ఒక్కడే మిగిలాడు. ముగ్గురి చోటు ఖాళీగా ఉంటే బావుండదు కనక ఆ మేరకి తన మొహాన్నే పెద్దది చేయించాడు. ఫిల్ కాలిన్స్ 1981లో 'ఫేస్ వాల్యూ' తెచ్చినప్పుడు ముందు అట్టంతా ఆయన మొహమే. తిప్పి చూస్తే వెనక అట్టంతా అదే తలకాయ వెనకభాగం. డబ్బు పెట్టి కొన్నవాడికి మనిషి పూర్తిగా దక్కాలన్న నిజాయితీ అది.

పేరు పెట్టడంలోనూ అంతే. జెనిసిస్ బ్యాండు నుంచి బయటికొచ్చిన పీటర్ గేబ్రియల్ 1977లో తన మొదటి ఆల్బమ్‌కి 'పీటర్ గేబ్రియల్' అని పేరు పెట్టుకున్నాడు. అందులో వింతేం లేదు. 1978లో రెండోదానికీ అదే పేరు. 1980లో మూడోదానికీ అదే. 1982లో నాలుగోది వచ్చేసరికి అమెరికా కంపెనీవాళ్లు తట్టుకోలేక 'సెక్యూరిటీ' అని వేరే పేరు అంటించారు. కొట్టుకెళ్లి పీటర్ గేబ్రియల్ రికార్డు ఇవ్వండి అంటే పాపం కొట్టువాడు ఏదివ్వాలి? అట్ట మీద కారుందా, గోళ్లతో గీరినట్టుందా, మొహం కరిగి కారిపోతోందా అని అడగాలి. అభిమానులు ఇప్పటికీ ఆ ఆల్బమ్‌లని ఆ బొమ్మల పేర్లతోనే పిలుచుకుంటున్నారు.

ఇంతకీ ఎవరీ సోలోగారు? వయసు ముప్పై దాటి ఉంటుంది. ఇరవయ్యో ఏట తోటి కుర్రాళ్లతో కలిసి మొదలెట్టిన బ్యాండు ఇప్పుడు స్టేడియాలు నింపుతోంది. ఇల్లుంది, ఇంట్లో స్టూడియో ఉంది. లేనిదల్లా మాట చెల్లుబడి. రాక్ బ్యాండంటే ఉమ్మడి కుటుంబం. చాకిరీ అందరిదీ, పేరు ఇంటిది, పెత్తనం మాత్రం ఒకరిదో ఇద్దరిదో. సోలోగారు ఏళ్ల తరబడి ఏదో ఒక పాట పట్టుకొచ్చి వినిపిస్తూనే ఉన్నాడు. "బావుందిరా, వచ్చే ఆల్బమ్‌లో చూద్దాం" అని వాళ్లు అంటూనే ఉన్నారు. వచ్చే ఆల్బమ్ వచ్చింది, ఆ తర్వాతదీ వచ్చింది, పాట మాత్రం సొరుగు దాటలేదు. సొరుగు నిండిన రోజున సోలోగారు వేరు కుంపటి పెడతాడు.

పెట్టాక విలేకరి వస్తాడు. బ్యాండు విడిపోతోందా అని అడుగుతాడు. "ఛ, అవేం మాటలండీ! బ్యాండే నా ఇల్లు. వాళ్లు నా అన్నదమ్ములు. ఇదేదో చిన్న ప్రయోగం. నాలో ఇంకో కోణం ఉంది, దాన్ని..." అని అర్ధోక్తిలో ఆపి కిటికీలోంచి బయటికి చూస్తాడు. ఏ దేశపు సోలోగారైనా, ఏ దశాబ్దంలోనైనా, ఈ వాక్యాలు ఈ వరసలోనే పలుకుతాడు. కోణం అంటే మరేం కాదు. సొరుగే.

ఈ మర్యాద పాటించనివాడు బీటిల్స్ బ్యాండు పాల్ మెకార్ట్‌నీ. 1970 ఏప్రిల్‌లో తన తొలి సోలో 'మెకార్ట్‌నీ' విడుదల చేస్తూ, విలేకర్లకి శ్రమ ఎందుకని ప్రశ్నలూ జవాబులూ ముందే అచ్చువేయించి పత్రికల కాపీలతో పాటు పంపేశాడు. లెనన్‌తో కలిసి మళ్లీ పాటలు రాస్తారా అనే అర్థం వచ్చే ప్రశ్నకి ముక్తసరిగా కాదన్నాడు. మర్నాటికల్లా బీటిల్స్ పని అయిపోయిందని ప్రపంచమంతా గగ్గోలు. ఆల్బమ్‌లో వాయిద్యాలన్నీ తనే వాయించుకున్నాడు. చాలామటుకు లండన్లో సొంతింట్లోనే రికార్డు చేసుకున్నాడు. గొంతు కలపడానికి భార్య లిండా తప్ప మరో మనిషి లేదు. ఇంత పకడ్బందీగా వేరుపడ్డవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు.

అందులో అసలు ఘట్టం తేదీల దగ్గర నడిచింది. బ్యాండు ఆల్బమ్ 'లెట్ ఇట్ బీ' రావాల్సి ఉంది, కాబట్టి నీది కాస్త వెనక్కి జరుపుకో అని బ్యాండులోని జాన్ లెనన్, జార్జ్ హారిసన్ ఉత్తరం రాశారు. ఇలాంటి ఉత్తరం ఆఫీసు కుర్రాడితో పంపడం బావుండదని, నేనే వెళ్లి ఇచ్చొస్తానని రింగో స్టార్ బయల్దేరాడు. ప్రతి ఉమ్మడి కుటుంబంలోనూ ఒక మంచివాడుంటాడు, చీవాట్లన్నీ అతనికే పడతాయి. పాల్ అరిచి, కోటు తొడుక్కో అని వాకిలి చూపించాడు. రింగో తిరిగొచ్చి ఏమన్నాడు? వాడికి అంత పట్టుదలగా ఉంటే ఆ తేదీ వాడికే ఇచ్చేద్దామన్నాడు. పాల్ ఆల్బమ్ ఏప్రిల్ 17న వచ్చింది, 'లెట్ ఇట్ బీ' మే నెలలో. ఈ గొడవకి కాస్త ముందే, మార్చి చివర్లో, రింగో సొంత ఆల్బమ్ 'సెంటిమెంటల్ జర్నీ' విడుదలైంది. చిన్నప్పుడు ఇంట్లోవాళ్లు పాడుకునే పాత పాటలు, అట్ట మీద లివర్‌పూల్‌లో పుట్టి పెరిగిన పేటలోని పబ్బు. అమ్మని సంతోషపెట్టడానికి చేశానన్నాడు. ఎవరితోనూ పేచీ లేని వేరు కుంపటి అది.

సోలోగారి రెండో లక్షణం, ఇన్నాళ్లూ తనకి కూడు పెట్టిన వాయిద్యాన్ని ముట్టుకోకపోవడం. పోలీస్ బ్యాండులో బేస్ గిటారు వాయించిన స్టింగ్ 1985లో 'ది డ్రీమ్ ఆఫ్ ది బ్లూ టర్టిల్స్' చేస్తూ బేస్‌ని డారిల్ జోన్స్ అనే కుర్రాడి చేతిలో పెట్టి తను మామూలు గిటారు పట్టుకున్నాడు. చుట్టూ బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్, కెనీ కర్క్‌లాండ్, ఒమర్ హకీమ్, అందరూ జాజ్ వాళ్లు. పేరుకి మూలం ఒక కల. నీలం రంగు తాబేళ్లు పెరట్లోకొచ్చి తోటంతా పాడుచేశాయట. మనవాళ్లకి అలాంటి కలొస్తే పంచాంగం తీస్తారు, ఆయన జాజ్ వాళ్లని పిలిపించాడు. ఆ డారిల్ జోన్స్ తర్వాత్తర్వాత రోలింగ్ స్టోన్స్‌లో బిల్ వైమన్ వదిలిన చోట కుదురుకుని దశాబ్దాలు వాయించాడు. ఒకరి సోలో మరొకరికి ఉద్యోగం చూపిస్తుందన్నమాట.

డ్రమ్మర్ సోలో అయితే ఇక అడగక్కర్లేదు. ఎన్నో ఏళ్లు అందరి వీపులూ చూస్తూ వెనక కూర్చున్న మనిషి. అతనికి కావలసింది ముందు నిలబడ్డం, పాడ్డం. ద హూ బ్యాండు కీత్ మూన్ డ్రమ్ముల్ని వాయించేవాడు కాదు, వాటి మీద పగ తీర్చుకునేవాడు. అతనికి పాడాలని మహా సరదా. పాడితే మిగతావాళ్లకి పని సాగేది కాదు. 1966లో 'హ్యాపీ జాక్' రికార్డు చేస్తున్నప్పుడు గొంతులు కలిపే చోటికి రావద్దని తరిమేస్తే, దొంగతనంగా దూరబోయాడు. కనిపెట్టిన బ్యాండు గిటారిస్టు పీట్ టౌన్షెండ్ దొరికావురోయ్ అన్నట్టు వేసిన కేక ఆ పాట చివర్లో ఇప్పటికీ వినిపిస్తుంది. అలాంటి మూన్ 1975లో 'టూ సైడ్స్ ఆఫ్ ది మూన్' చేశాడు. చాలా పాటల్లో డ్రమ్ములు ఇతరులకి అప్పగించి, తను నిలబడి పాడాడు. ఆపేవాడు లేడు. విన్నాక, ఆ కేక వేసినందుకు టౌన్షెండ్‌కి నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను. మూన్ రెండో సోలో పూర్తి చేయలేదు.

పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ మాత్రం మర్యాదస్తుడు. 1981లో వచ్చిన ఆయన తొలి సోలోలో పాటలన్నీ కార్లా బ్లే రాసినవే, ఎక్కువగా పాడింది రాబర్ట్ వయట్. మేసన్ ఎప్పట్లాగే వెనక కూర్చుని డ్రమ్ములు వాయించుకున్నాడు. అట్ట మీద పేరు తప్ప ఆయన తీసుకున్న స్వతంత్రం దాదాపు ఏమీ లేదు. సోలోగార్లందరిలో నాకు ఈయనంటే మహా గౌరవం.

ఒక్కడు వేరుపడితే సోలో. నలుగురూ ఒకే రోజు వేరుపడితే? అమెరికాలో కిస్ అనే బ్యాండు ఆ పనీ చేసింది. మొహాలకి నలుపూ తెలుపూ రంగులు పూసుకుని, నిప్పులు ఊదుతూ, నోట్లోంచి నెత్తురు కార్చుకుంటూ ఆడిన బ్యాండు అది. 1978 నాటికి లోపల ఒకరి మొహం ఒకరికి గిట్టడం లేదు, రంగులుండబట్టి బయటికి తెలియడం లేదు. సరే, పేచీ ఎందుకు, నలుగురూ తలో ఆల్బమ్ చేసుకోండన్నారు. 1978 సెప్టెంబరు 18న జీన్ సిమన్స్, పాల్ స్టాన్లీ, ఏస్ ఫ్రేలీ, పీటర్ క్రిస్, నలుగురి ఆల్బమ్‌లూ ఒకే రోజు బజార్లోకొచ్చాయి. నాలుగు అట్టల మీదా ఒకే చిత్రకారుడు ఒకే తీరుగా వేసిన మొహాలు. ఎవరి ఆల్బమ్‌ని వాళ్లు మిగతా ముగ్గురికీ అంకితమిచ్చారు. లోపల పెట్టిన పోస్టర్లు నాలుగూ పక్కపక్కన అతికిస్తేనే పెద్ద బొమ్మ పూర్తవుతుంది. అంటే వేరు కాపురాలకి కూడా గోడ ఉమ్మడిదే, పైగా ఆ గోడ చూడాలంటే కొనేవాడు నాలుగిళ్లకీ అద్దె కట్టాలి.

కాసాబ్లాంకా రికార్డు కంపెనీ ఒక్కొక్కటి పది లక్షల పైన అచ్చుకొట్టి కొట్లకి పంపింది. కొట్లలోంచి కట్టలు కట్టలుగా వెనక్కొచ్చాయి. వెళ్లినవి బంగారం, వచ్చినవి ప్లాటినం అని ఆ వ్యాపారంలో ఒక జోకు పుట్టింది. రికార్డు కంపెనీల లెక్కలో ప్లాటినం బంగారం కన్నా పెద్ద అంకె.

నాలుగింటిలో జీన్ సిమన్స్‌ది చూడాలి. వేదిక మీద రాక్షసుడి వేషం, గజం పొడుగు నాలుక. బ్యాండులో బేస్ వాయించేది ఈయనే, ఇక్కడ యథాప్రకారం బేస్ మరొకరికిచ్చాడు. అతిథుల జాబితా పెళ్లి శుభలేఖ వెనక బంధుమిత్రుల వరసలా ఉంది: షేర్, డోనా సమర్, బాబ్ సీగర్, హెలెన్ రెడ్డీ, ఏరోస్మిత్ బ్యాండు జో పెరీ. (ఆ రెడ్డీ మన రెడ్డి కాదు, ఆస్ట్రేలియా ఆవిడ.) ఇంతమందిని పిలిచి చివర్లో ఏం వడ్డించాడు? 1940లో డిస్నీవాళ్లు తీసిన 'పినోకియో' బొమ్మల సినిమాలోని పాట. చుక్కని చూసి కోరిక కోరుకునే పిల్లల పాట. నెత్తురు కక్కే రాక్షసుడి సొరుగులో అడుగున దాచుకున్నది అదన్నమాట! నవ్వొస్తుంది, కానీ ఆ ఒక్కచోటే ఆయన మీద నాకు ఇష్టం కూడా కలిగింది. అంతా చేసి, నాలుగు ఆల్బమ్‌లలోకీ నిలబడ్డ హిట్ ఏస్ ఫ్రేలీ 'న్యూయార్క్ గ్రూవ్' ఒక్కటే. బ్యాండు ఆల్బమ్‌లలో పాడే వంతు అరుదుగా దొరికిన గిటారిస్టు అతను.

ఇక్కడే అసలు సంగతి బయటపడుతుందని నా నమ్మకం. ఇంట్లో ఎక్కువగా వద్దనిపించుకున్నవాడి సోలో బావుంటుంది. ఎన్నడూ ఎవరూ వద్దనని పెత్తందారు సోలో చప్పగా ఉంటుంది.

సాక్ష్యం కావాలంటే జార్జ్ హారిసన్. బీటిల్స్‌లో పెద్దన్నలిద్దరి పాటలు పోగా ఆల్బమ్‌కి ఒకటో రెండో ఆయన వంతు. 'ఇజంట్ ఇట్ ఎ పిటీ' 1966 నుంచీ సొరుగులో ఉంది. 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' పాటని 1969 జనవరిలో బ్యాండుతో సాధన కూడా చేయించాడు, ఆల్బమ్‌లోకి రాలేదు. 1970 నవంబరులో సొరుగు తిరగేస్తే మూడు రికార్డుల పెట్టె అయింది. మూడోది స్నేహితులు కూచుని సరదాగా వాయించుకున్నదే అనుకోండి, దాన్ని మడతపెట్టినా నష్టం లేదు. మిగతా రెండూ మాత్రం అన్నలిద్దరూ ముక్కున వేలేసుకునే సరుకు. అట్ట మీద ఆయన తోటలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, చుట్టూ పచ్చికలో నాలుగు మరుగుజ్జు బొమ్మలు పడున్నాయి. ఆ నలుగురూ ఎవరో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేకపోయింది.

కానీ ఇదే పెట్టెలో రెండో పాఠం కూడా ఉంది. హరేకృష్ణ నామంతో దేశదేశాల్లో మోగిన 'మై స్వీట్ లార్డ్' నంబర్ వన్ అయింది. తర్వాత అది షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం 1963లో పాడిన 'హీజ్ సో ఫైన్' బాణీయేనని దావా పడింది. 1976లో న్యాయమూర్తి, ఈయన తెలిసి కాజేయలేదు గానీ తెలియకుండా లోపలి మనసు కాజేసిందని తీర్పు చెప్పాడు. ఆ రికార్డింగ్ గదిలో మనుషులు లేకపోలేదు, కిక్కిరిసి ఉన్నారు. కానీ వాళ్లు స్నేహితులు, అతిథులు, పిలిస్తే వచ్చిన వాద్యగాళ్లు. పాత ఇంట్లోనైతే ఎవడో ఒకడు కాఫీ తాగుతూ "ఒరేయ్, ఇది ఫలానా వాళ్ల పాట కదరా" అనుండేవాడు. బ్యాండులో 'వద్దు' ఊరికే దొరుకుతుంది. సోలోలో 'ఆహా'లు మాత్రమే దొరుకుతాయి, వాటికి గంటల లెక్కన కూలి.

మిక్ జాగర్ సంగతి దీనికి తిరగేసిన బొమ్మ. రోలింగ్ స్టోన్స్‌లో ఆయన మాట ఎన్నడూ తక్కువ కాలేదు, సొరుగులో దాచాల్సిన అవసరమూ పెద్దగా రాలేదు. 1985లో 'షీజ్ ద బాస్' చేశాడు. జెఫ్ బెక్, హెర్బీ హాంకాక్, పీట్ టౌన్షెండ్, అందరూ వచ్చారు. రానివాడు స్టోన్స్‌లో ఆయన జోడీ కీత్ రిచర్డ్స్, అతనికి ఒళ్లు మండిపోతోంది. ఆల్బమ్ అమ్ముడుపోయింది, ఇప్పుడెవరైనా కావాలని తీసి వింటారా అంటే నాకు అనుమానమే. 1988లో సోలోగా జపాన్ వెళ్లి కచేరీలు చేశాడు. పాడినవి? చాలామటుకు స్టోన్స్ పాటలే. ప్రతి సోలోగారికీ ఈ రాత్రి తప్పదు. "ఇది నా కొత్త ఆల్బమ్‌లోది" అనగానే జనం కూల్‌డ్రింకులకి లేస్తారు, పాత పాట మొదటి తీగ మీటగానే పరిగెత్తుకొస్తారు. మండిపోయిన కీత్ కూడా అదే ఏడు 'టాక్ ఈజ్ చీప్' తెచ్చాడు. జాగర్‌ని ఉద్దేశించిందేనని అందరూ అనుకునే పాట కూడా అందులో పెట్టాడు. ఆల్బమ్ బ్రహ్మాండంగా ఉంది. తిట్టుకోవడానికి మనిషి ఉన్నా చాలు, బ్యాండు సగం ఉన్నట్టే. మరుసటి జనవరిలో ఇద్దరూ బార్బడోస్‌లో కలిసి కూర్చుని 'స్టీల్ వీల్స్' పాటలు రాసుకున్నారు.

కొందరు సోలోగార్లకి భక్తి పుడుతుంది. పీట్ టౌన్షెండ్ మెహెర్ బాబా భక్తుడు. 1972లో వచ్చిన 'హూ కేమ్ ఫస్ట్' ఆ భక్తితోనే నిండి ఉంటుంది. బాబా చెప్పిన ప్రార్థనని అందులో 'పర్వర్దిగార్' పేరుతో పాట చేశాడు. మన ఆంధ్ర ఊళ్లలో మెహెర్ బాబా భక్తులు ఎందరో ఉన్నారు. పూజ గదిలో చదివే ప్రార్థనని, గిటార్లు విరగ్గొట్టే మనిషి ఒద్దికగా పాడుతుంటే వినడం వాళ్లకి తమాషాగా ఉంటుంది. అట్ట మీద ఆయన కోడిగుడ్ల మీద నిలబడి ఉంటాడు. అంత జాగ్రత్తగా ఆయన బ్యాండులో ఎప్పుడూ నిలబడలేదు.

సిగ్గరి సోలోగార్లూ ఉన్నారు. రేడియోహెడ్ థామ్ యార్క్ 2006లో 'ది ఇరేజర్' తెస్తూ, దీన్ని సోలో అనకండి మహాప్రభో అని ముందే బతిమాలుకున్నాడు. నిర్మాత బ్యాండు మనిషే, అట్ట వేసింది బ్యాండు చిత్రకారుడే. నిర్వాణా అంతరించాక 1994లో డేవ్ గ్రోల్ దాదాపు అన్ని వాయిద్యాలూ ఒక్కడే వాయించుకుని, ఎవరో గుంపు చేసిందనిపించేలా 'ఫూ ఫైటర్స్' అని పేరు పెట్టాడు. తర్వాత ఆ పేరుకి తగ్గ గుంపుని నిజంగానే వెతుక్కోవాల్సొచ్చింది.

నన్నడిగితే సోలోగార్లలో మహారాజు ఫ్రెడ్డీ మెర్క్యురీయే. క్వీన్ బ్యాండులో నలుగురికీ పాటలు రాయడం వచ్చు కాబట్టి అక్కడ 'వద్దు'లకి కొరత లేదు. 1985లో ఆయన మ్యూనిక్‌లో కూచుని 'మిస్టర్ బ్యాడ్ గయ్' చేసుకున్నాడు. దాన్ని పెంపుడు పిల్లి జెర్రీకి అంకితమిచ్చాడు, మిగతా పిల్లులు చిన్నబుచ్చుకోకుండా టామ్, ఆస్కార్, టిఫనీల పేర్లూ చేర్చాడు. బ్యాండులో మిగతా ముగ్గురు బ్రయన్, రోజర్, జాన్‌లకి కూడా కృతజ్ఞతలు అచ్చువేయించాడు. ఎందుకయ్యా అంటే, జోక్యం చేసుకోనందుకు.

ఆయన 1991లో పోయారు. 1995లో వచ్చిన క్వీన్ ఆల్బమ్‌కి 'మేడ్ ఇన్ హెవెన్' అని పేరు, ఆ పేరుతో ఉన్న పాట ఈ సోలోలోదే. అదీ, 'ఐ వజ్ బార్న్ టు లవ్ యూ' అనే మరొకటీ తీసుకుని, ఆయన గొంతు అలాగే ఉంచి, చుట్టూ వాయిద్యాలన్నీ ఆ ముగ్గురూ కొత్తగా వాయించారు. ఈసారి తనివితీరా జోక్యం చేసుకున్నారు. వీలైతే పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి వినండి. నా ఓటు జోక్యానికే.